మన గేరి లెక్క మన చేతిలో ఉండాలి



అనంతపురం కరువు మీద ఏ సంస్థ రాసిన రిపోర్టు తీసినా మొదటి పేరా ఒకటే. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడేది ఇక్కడేనని, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు దాటితే గొప్పని, ఎర్రనేల పలచనిదని, శెనక్కాయ తప్ప రైతుకు వేరే దిక్కు లేదని. ఏళ్ళ తరబడి అదే పేరా. ఒకరి రిపోర్టులోంచి ఇంకొకరు ఎత్తి రాసుకుంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా చీలింది. కదిరి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినాయి. జిల్లా చీలింది గానీ పేరా చీలలేదు.

ఆ పేరా అబద్ధమని మేం అనడం లేదు. వాన తక్కువే. మేం అడిగేది వేరే. వాన కులం చూడదు. ఊరి మీద ఎంత పడుతుందో మాదిగగేరి మీదా మాలగేరి మీదా అంతే పడుతుంది. కానీ బోరు కులం చూస్తుంది. చెరువు కింద మడి కులం చూస్తుంది. వాన తక్కువైన ఏడాది ఎండింది ఎవరి చేను, తడిసింది ఎవరి చేను? పదేళ్ళ కరువులో భూమి తాకట్టు పెట్టింది ఎవరు, అదే కరువులో భూమి కొన్నది ఎవరు? బెంగళూరుకు బేల్దారి పనికి బస్సెక్కింది ఏ గేరి, ఊళ్ళో ఉండి వడ్డీ లెక్క చూసుకున్నది ఏ వీధి? ఈ ప్రశ్నలు మొదటి పేరాలో ఉండవు. చాలా రిపోర్టుల్లో ఆఖరి పేరాలో కూడా ఉండవు.

ఎందుకుండవు? వానను తిడితే ఎవరికీ కోపం రాదు. వానకు ఓటు లేదు, మందీమార్బలం లేదు. తప్పంతా ఆకాశం మీదికి తోసేస్తే నేల మీద ఎవరూ నేరస్తులు కారు. అందుకే కరువు లెక్క పైవాళ్ళు రాస్తారు, కులం లెక్క వదిలేస్తారు. వదిలేసిన ఆ లెక్క రాయాల్సింది మనం. మన పేరు చెప్పి పనిచేసే స్వచ్ఛంద సంస్థలు రాయాల్సిందీ అదే. ఈ మాట సూటిగా చెప్పడానికే ఈ వ్యాసం.

జీపులో వచ్చి జీపులో పోయే లెక్క

ఈ జిల్లాలో సంస్థలకు కొదవ లేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఆర్డీటీ మొదలుపెట్టిన నాటి నుంచి ఎన్నో వచ్చినాయి. ఇళ్ళు కట్టినారు, బళ్ళు పెట్టినారు, బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టినారు. గేరిలో మొదటి పదో తరగతి పాసైన పిల్లోడికి అన్నం పెట్టింది ఎవరో గేరికి తెలుసు. ఆ మేలు కాదనేవాళ్ళం కాదు. ఇక్కడ ఏ ఒక్క సంస్థనూ పేరు పెట్టి అనడం లేదు. చాలా సంస్థలకు అలవాటైన ఒక పద్ధతి మీదే మా పేచీ.

సర్వే అంటారు. జీపు వస్తుంది. ఫారం తీస్తారు. ఇప్పుడైతే ఫోనులోనే ఫారం. "మీ ఇంట్లో ఎంతమంది? మరుగుదొడ్డి ఉందా? మేకలెన్ని? నెలకు ఎంత వస్తుంది?" మనం చెప్తాం. రాసుకుంటారు. ఫోటో తీస్తారు. పోతారు. ఆ లెక్క ఏమైంది? ఎక్కడికి పోయింది? దాంట్లో ఏం తేలింది? తిరిగొచ్చి చెప్పినవాళ్ళు ఎంతమంది? మీ ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి.

ఆ ఫారంలో ప్రశ్న ఎవరు రాసినారో అది అసలు సంగతి. నిధులిచ్చేవాడు ఎక్కడో ఉంటాడు. వాడికి "లబ్ధిదారుల సంఖ్య" కావాలి. కుట్టుమిషన్లు ఎన్ని, శిక్షణలు ఎన్ని, మొక్కలు ఎన్ని. ఆ గడులు నింపడానికే మన నోటి మాట. "నీ డీకేటీ పట్టా భూమిని ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు?" అని ఆ ఫారం అడగదు. "హోటల్లో నీకు ఏ గ్లాసులో టీ పోస్తున్నారు?" అని అడగదు. అడిగితే ఊరి పెద్దలతో పేచీ వస్తుంది. పేచీ వస్తే మీటింగుకు స్థలం దొరకదు. కాబట్టి పేచీ రాని ప్రశ్నలే అడుగుతారు. పేచీ రాని ప్రశ్నకు పనికిరాని జవాబే వస్తుంది.

యూనివర్సిటీ వాళ్ళ సంగతీ అంతే. మన బతుకు మీద పట్టా వాళ్ళకు వస్తుంది, మన భూమి పట్టా మాత్రం మనకు రాదు. పుస్తకం ఇంగ్లీషులో అచ్చవుతుంది. దాని ధర మన పది రోజుల కూలి.

సొంత పరిశోధన అంటే పెద్ద మాట అని భయపడొద్దు. మన ప్రశ్న మనం వేసుకోవడం, జవాబు మన కళ్ళతో చూసి, మన చేత్తో రాసుకోవడం, రాసింది పదిమందిలో చదవడం. అంతే. ఈ మూడూ లేని సర్వే ఎంత లావు పుస్తకమైనా మనకు చిత్తుకాగితమే.

"మా మండలంలో అంటరానితనం లేదు"

కాగితం మీద అంటరానితనం ఎప్పుడో పోయింది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. 1955లో చట్టం వచ్చింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఏ ఆఫీసులో అడిగినా "మా దగ్గర అలాంటివి లేవు" అంటారు. "ఎక్కడుందో చూపించు" అంటారు. చూపించు అన్నప్పుడు మన చేతిలో ఏముంది? "చాలా ఊళ్ళల్లో ఉంది సార్" అనే మాట ఉంది. "చాలా" అనేది లెక్క కాదు. అధికారికి అన్నిటికంటే ఇష్టమైన మాట అదే, ఎందుకంటే దానికి జవాబు చెప్పే పని లేదు.

2001-02లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి ఒక లెక్క తీసినారు. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ 2006లో దాన్ని పుస్తకంగా తెచ్చినారు. దాదాపు 38 శాతం ఊళ్ళల్లో సర్కారు బడిలో అన్నం దగ్గర మన పిల్లల్ని వేరే కూర్చోబెడుతున్నారని తేలింది. మూడో వంతు ఊళ్ళల్లో ఆరోగ్య కార్యకర్త మన ఇంటి గడప తొక్కడం లేదని తేలింది. బడి సర్కారుది. సూది మందు సర్కారుది. జీతం సర్కారుది. కులం మాత్రం పెత్తందారుడిది. "అక్కడక్కడా ఉందిలే" అనే మాట ఆ లెక్కతో నోరు మూసుకుంది.

గుజరాత్ సంగతి ఇంకా వినదగ్గది. నవసర్జన్ అనే దళిత సంస్థ 1,589 ఊళ్ళు తిరిగింది. 2010లో రిపోర్టు బయటపెట్టింది. నూటికి 90 ఊళ్ళల్లో దళితులకు గుడి ప్రవేశం లేదని తేల్చింది. ప్రభుత్వం ఏం చేసింది? గుళ్ళు తెరిపించలేదు. వేరే పండితులతో వేరే అధ్యయనం చేయించింది. 1,589 ఊళ్ళకు జవాబుగా 5 ఊళ్ళు చూసి, ఇదంతా ఎవరికి ఎలా అనిపిస్తుందో దాన్ని బట్టి ఉంటుందని రాయించుకుంది. 2016 డిసెంబరులో ఆ సంస్థకు విదేశీ నిధుల అనుమతి రద్దయింది.

దీన్నిబట్టి మనకు తెలిసేది ఏమిటి? లెక్క తీస్తే దెబ్బ తగులుతుంది కాబట్టి తీయొద్దనా? కాదు. ధర్నా చేస్తే పోలీసుని పంపుతారు. లెక్క తీస్తే పండితుణ్ణి పంపుతారు. పండితుణ్ణి పంపాల్సి వచ్చిందంటే దెబ్బ గట్టిగానే తగిలిందని అర్థం.

మన పెద్దలు లెక్కతోనే కొట్లాడినారు

"లెక్కలు చదువుకున్నోళ్ళ పని, మనది పోరాటం" అని మన సంఘాల్లోనే కొందరు అంటుంటారు. వాళ్ళకు మన పెద్దల్ని గుర్తు చేస్తాం.

1882లో జోతీరావు ఫూలే హంటర్ విద్యా కమిషన్ ముందు వాంగ్మూలం ఇచ్చినాడు. శూద్రుల, అతిశూద్రుల పన్నుతో ఖజానా నిండుతుంటే చదువు ఎవరికి పోతున్నదని నిలదీసినాడు. 1919లో అంబేద్కర్ సౌత్‌బరో కమిటీ ముందు నిలబడినాడు. 1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో విద్యాశాఖ సొంత లెక్కలే తీసి చదివినాడు. ప్రాథమిక బడిలో వెయ్యిమంది జనాభాకు అగ్రవర్ణ హిందువులు 119 మంది, ముస్లింలు 92 మంది, మధ్య కులాలు 38 మంది, మనల్ని కలిపిన వెనుకబడిన తరగతి 18 మంది. 119 ఎక్కడ, 18 ఎక్కడ! ఆ రెండు అంకెల ముందు ఏ మంత్రి ఏం మాట్లాడగలడు? 1928లో బహిష్కృత హితకారిణీ సభ తరఫున సైమన్ కమిషన్‌కు మన చదువు గురించి ఇచ్చిన విన్నపం కూడా ఇట్లాంటి లెక్కల మీదే నిలబడింది. ఆ సభ ఏమిటి? 1924లో పుట్టిన మన సొంత స్వచ్ఛంద సంస్థ. చూసుకోండి, హాస్టలు నడపడం, పత్రిక నడపడం, చెరువు నీళ్ళకోసం మహద్‌కు నడవడం, లెక్క రాయడం ఆయన చేతిలో వేరువేరు పనులు కాలేదు.

అమెరికాలో నల్లజాతి ఆడబిడ్డ ఐడా బి. వెల్స్ కూడా ఇదే పని చేసింది. 1862లో బానిసగా పుట్టిన మనిషి. నల్లవాళ్ళను తెల్ల మూకలు చెట్లకు ఉరేసి చంపుతుంటే, ఎవర్ని ఎక్కడ ఏ నెపంతో చంపినారో 1895లో పట్టికలు వేసి అచ్చేసింది. ఆ అంకెలు ఎక్కడివి? తెల్లవాళ్ళ పత్రికలోవే. "నువ్వు కల్పించినావు" అనే నోరు ముందే కట్టేసింది. శత్రువు కాగితంతోనే శత్రువును పట్టుకోవడం అంటే ఇదీ.

తెలుగు నేల మీద గెలిచిన లెక్కలు

ఎక్కడో ఎందుకు, మన నేల మీద చూద్దాం.

పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వాలు "మా దగ్గర పొడి మరుగుదొడ్లు లేవు" అని రాసిచ్చినాయి. కోలారు బంగారు గనుల్లో పాకీ పనివాళ్ళ ఇంట్లో పుట్టిన తెలుగు బిడ్డ బెజవాడ విల్సన్, పేదల పక్షాన నిలిచిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, మరికొందరు కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టినారు. ఆ పని చేసే కుటుంబాల పిల్లలే ఊరూరా తిరిగినారు. మరుగుదొడ్డి ఎక్కడుంది, దాన్ని ఎవరు ఎత్తుతున్నారు, ఫోటోతో సహా రాసినారు. గీతా రామస్వామి 2005లో ఆంధ్రప్రదేశ్ పాకీ పనివాళ్ళ మీద తెచ్చిన పుస్తకంలో మన అనంతపురం పట్టణం కథ కూడా ఉంది. 2003లో ఆ సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. సర్కారు లేదంటుంది, సంఘం ఇదిగో అంటుంది. పదకొండేళ్ళు నడిచింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు గుంతల్లో చచ్చిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. సొంత లెక్క లేకపోతే ఆ కేసు ఎన్నాళ్ళు నిలబడేది? "లేవు" అన్న ఒక్క కాగితంతో మొదటి వాయిదాకే పోయేది.

రెండోది సబ్‌ప్లాన్. జనాభా వాటా ప్రకారం మనకు నిధులు కేటాయించాలని 1979 నుంచి కేంద్రం చెప్తూనే ఉంది. డబ్బు కాగితం మీద కేటాయింపు, ఖర్చు ఇంకో దానికి. ఢిల్లీలో దళితుల సొమ్ము 744 కోట్లు కామన్‌వెల్త్ ఆటలకు మళ్ళించినారని 2010లో ఒక స్వచ్ఛంద సంస్థ సమాచార హక్కుతో బయటికి లాగింది. మన రాష్ట్రంలో దళిత సంఘాలు, దళిత అధ్యయన కేంద్రం వంటి సంస్థలు బడ్జెట్ పుస్తకాలు ముందరేసుకుని శాఖ శాఖనూ లెక్క అడిగినాయి. ఆ ఉద్యమం ఫలితంగానే 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా మళ్ళింపు ఆగిందని చెప్పలేం. కానీ అడగడానికి చట్టం అనే కొక్కెం దొరికింది. ఆ కొక్కెం లెక్కలతో పోతపోసిందే.

మూడోది మన ఇంటి ముందరిదే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టినాడు. అదే ఏడాది మన జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్లో ఎవరి పేరు ఉంది, నిజంగా గడ్డపార పట్టింది ఎవరు, కూలి ఎంత చేతికొచ్చింది అని కూలోళ్ళ పిల్లలే చదివి ఊరందరిలో వినిపించినారు. ఎప్పుడో చచ్చిపోయిన మనిషి మస్టర్లో మట్టి తవ్వుతుంటాడు! అది బయటపడేది ఆడిటరు కంటికి కాదు, పక్కింటి మనిషి చెవికి. 2009లో తనిఖీలకని రాష్ట్రం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టింది. మిగతా రాష్ట్రాలు వచ్చి చూసి పోయినాయి. మన కూలోళ్ళ పిల్లలకు పరిశోధన చేతకాదనే మాట ఇంకెవరైనా అంటే ఈ ఒక్క సంగతి చెప్పండి.

లెక్కలో లేనివాడు చచ్చినా లెక్కలోకి రాడు

ఇది అలంకారానికి అన్న మాట కాదు. మన జిల్లాలో ఇది ప్రాణం మీది మాట.

2004 జూన్‌లో జీవో 421 వచ్చింది. రైతు ఆత్మహత్య అని తేలితే కుటుంబానికి లక్ష, అప్పులు తీర్చడానికి ఇంకో యాభై వేలు ఇవ్వాలని అప్పట్లో దాంట్లో రాసినారు. తేల్చేది రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారుల కమిటీ. వాళ్ళు మొదట అడిగేది ఏమిటి? పాసుపుస్తకం. బ్యాంకు అప్పు కాగితం. గుత్తకు దున్నిన దళితుడికి పాసుపుస్తకం ఎక్కడిది? అతని అప్పు బ్యాంకులో ఎక్కడుంటుంది? నోటిమాట మీద తెచ్చిన నూటికి మూడు రూపాయల వడ్డీ అది. ఆ ఇల్లాలు ఆఫీసు మెట్లు ఎక్కి దిగి, ఆఖరికి "మీ ఆయన రైతు కాదమ్మా" అనిపించుకుంటుంది. మనిషి పోయినాడు, రైతు అనే పేరూ పోయింది.

గుత్తదారులకు కార్డులివ్వడానికి 2011లో చట్టం వచ్చింది. 2019లో ఇంకో చట్టం వచ్చి భూమి యజమాని ఒప్పుకుంటేనే కార్డు అంది. యజమాని సంతకం పెట్టడు. కార్డు రాదు. కార్డు లేకపోతే పంటనష్టం రాదు, బీమా రాదు. మరి కూలికి పోయే మన అక్కల సంగతి? చేను ఎండితే ఎకరాల లెక్క రాస్తారు. ఆ చేలో కలుపు తీయాల్సిన, కాయలు పీకాల్సిన చేతులు ఎన్ని రోజులు ఖాళీగా ఉన్నాయో రాసే గడి కరువు అంచనా ఫారంలో లేదు. దేశం మొత్తం మీద నేరాల లెక్కల బ్యూరో కూడా వ్యవసాయ కూలీల ఆత్మహత్యలను వేరే గడిలో చూపడం 2014లోనే మొదలుపెట్టింది. అంతకు ముందు పోయిన కూలోళ్ళు ఏ గడిలో ఉన్నారు?

సంస్థలు ఏటా కరువు మీద సభలు పెడతాయి. ఒక్క మండలంలో ఒక్క ఖరీఫులో దళిత కూలీలు పోగొట్టుకున్న పనిదినాలు ఎన్ని, దళిత గుత్తదారులు ఎంతమంది, అందులో కార్డు వచ్చింది ఎంతమందికి? ఇంత చిన్న లెక్క తీసి కలెక్టరు బల్ల మీద పెడితే, "కరువు" అనే మాటకే అర్థం మారిపోతుంది. ఇంతవరకు కరువంటే ఎండిన ఎకరం. అప్పుడు కరువంటే ఎండిన కడుపు.

సంస్థల పెద్దలకు ఒక మాట

"సర్వేలకు నిధులు లేవు, నిధులిచ్చేవాళ్ళు ఒప్పుకోరు" అంటారు. 2020లో విదేశీ నిధుల చట్టం సవరించినారు. పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ సొమ్మును చిన్న సంస్థకు ఇవ్వకూడదన్నారు. చిన్న దళిత సంఘాల నడుం విరిగింది, నిజమే. కానీ అందుకే చెప్తున్నాం. నిధుల మీద నడిచే లెక్క నిధులు ఆగిన రోజే ఆగిపోతుంది. సంస్థ మూతపడితే కంప్యూటరులోని లెక్కా మూతపడుతుంది. గేరి నోటుపుస్తకానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దానికి కావాల్సింది రెండు పెన్నులు, నలుగురు చదువుకున్న పిల్లలు, కాస్త ధైర్యం.

"మేం సేవ చేస్తాం, రాజకీయం మాకొద్దు" అంటారు. ఎవరికి ఎంత భూమి ఉందో అడగడం రాజకీయమైతే, అడగకపోవడం కూడా రాజకీయమే. అది ఉన్నోడి రాజకీయం. మీరు పది ఊళ్ళల్లో ఇళ్ళు కట్టించినారు. సంతోషం. ఆ ఇళ్ళల్లోవాళ్ళ డీకేటీ భూముల్లో ఎన్నెకరాలు ఇంకా వాళ్ళ చేతిలో ఉన్నాయో మీకు తెలుసా? తెలియకుండా ఇరవై ఏళ్ళు వాళ్ళ "అభివృద్ధి" ఎట్లా చేసినారు? రోగం తెలియకుండా మందిచ్చేవాణ్ణి మన ఊళ్ళల్లో ఏమంటారో మీకు తెలుసు.

ఏం లెక్క తీయాలి

భూమితో మొదలుపెట్టండి. అసైన్డ్ భూమిని ఇంకొకరు కొనకూడదని 1977లోనే చట్టముంది. కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫార్సులు ఇచ్చింది. 2023లో ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకు అమ్ముకునే హక్కు ఇస్తూ చట్టం సవరించినారు. ఎన్.పి. కుంట లాంటి చోట్ల వేల ఎకరాల్లో సోలారు పలకలు లేచినాయి. భూమికి ధర వచ్చింది. ధర వచ్చిన భూమి పేదోడి చేతిలో నిలవడం కష్టం. కాబట్టి ఇప్పుడే రాయాలి: ఎవరి పేరున పట్టా, ఎప్పటిది, ఎన్ని ఎకరాలు, అడంగల్‌లో ఎవరి పేరు, నేల మీద నాగలి ఎవరిది. ఈ అయిదు గడులు చాలు. పట్టా పేరుకూ నాగలి పేరుకూ తేడా వచ్చిన ప్రతి చోటా ఒక దొంగతనం ఉన్నట్టే.

తర్వాత నీళ్ళు. ఊళ్ళో బోర్లెన్ని, గేరివాళ్ళ చేలల్లో ఎన్ని, సర్కారు వేసిచ్చిన వాటిలో నీళ్ళొస్తున్నవి ఎన్ని. తర్వాత పని, వలస, కూలి. తర్వాత గ్లాసు, గుడి, మంగలి షాపు, శ్మశానానికి దారి.

ఒక ఉదాహరణ చెప్తాం, అంకెలు ఊహించినవే. "మా గేరిలో చాలామంది భూములు పోయినాయి" అని అర్జీ రాస్తే తహసీల్దారు "విచారిస్తాం" అని రాస్తాడు. "మా గేరిలో 64 ఇళ్ళు. 41 ఇళ్ళకు 88 ఎకరాల డీకేటీ పట్టాలున్నాయి. అందులో 53 ఎకరాలు వేరేవాళ్ళ సాగులో ఉన్నాయి. సర్వే నంబర్లు ఇవి, అడంగల్ నకళ్ళు ఇవి" అని రాస్తే ఏం రాస్తాడు? ఏదో ఒకటి చేయాలి, లేదా ఎందుకు చేయలేదో కాగితం మీద చెప్పాలి.

ఎట్లా తీయాలి

ఒకటి. ప్రశ్న గేరిలో పుట్టాలి. ఫారం రాయకముందే చెట్టు కింద కూర్చుని ఏం తెలుసుకోవాలో గేరి తేల్చుకోవాలి.

రెండు. ఒక్క ఇల్లూ విడవకూడదు. మనకు నచ్చినవాళ్ళ ఇళ్ళే తిరిగితే అది ప్రచారం, లెక్క కాదు.

మూడు. కళ్ళతో చూసింది వేరు, విన్నది వేరు. రెండింటినీ ఒకే గడిలో రాయొద్దు. ఒక్క అంకె పెంచి రాసినా, ఆ ఒక్కటి పట్టుకుని మిగతా తొంభైతొమ్మిదీ కొట్టేస్తారు.

నాలుగు. సర్కారు కాగితం పక్కన పెట్టాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో ఊరి స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి.

ఐదు. ఆడవాళ్ళ మాట ఆడవాళ్ళ నోట వినాలి, మగవాడి నోట కాదు. 1988లోనే చట్టం నిషేధించిన బసివిని ఆచారం గురించి మగవాణ్ణి అడిగితే "అబ్బే, ఎప్పుడో పోయింది" అంటాడు. ఆమెను అడగండి.

ఆరు. మన మధ్యలోని తేడాలూ రాయాలి. మాలలకెంత, మాదిగలకెంత, ఉపకులాలకెంత. 1994 నుంచి దండోరా అడిగింది వాటాల లెక్కే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేయొచ్చని చెప్తూనే ఆధారాలు చూపి చేయాలంది. ఎవరు ఏ వైపున్నా నిజం అంకె దాచొద్దు. మనలో మనం దాచుకున్న లెక్క పెత్తందారుడికి ఆయుధమవుతుంది.

ఏడు. చెబితే దెబ్బ తినేవాళ్ళ పేరు బయటపెట్టొద్దు. పేర్ల పుస్తకం వేరే, అంకెల పుస్తకం వేరే. జీతానికున్న మనిషి చెప్పిన మాట దొర చెవిన పడితే ఆ పాపం రాసినవాళ్ళదే.

ఎనిమిది. తేలిన లెక్క మొదట గేరిలోనే చదవాలి. తప్పుంటే అక్కడే దిద్దాలి. ఒక ప్రతి గేరిలోనే ఉండాలి. ఆ తర్వాతే కలెక్టరుకు, పత్రికకు, కోర్టుకు.

మా డిమాండ్లు

మన పేరున పనిచేసే ప్రతి స్వచ్ఛంద సంస్థా ఇంతవరకు మన ఊళ్ళల్లో తీసిన సర్వేల నకలు తెలుగులో తిరిగి మనకివ్వాలి. గేరిలో చదివి వినిపించని సర్వేకు ఇకమీదట మన గేరి జవాబు చెప్పదు.

కరువు అంచనాల్లో కూలీలు పోగొట్టుకున్న పనిదినాలకు ఒక గడి పెట్టాలి. నెలనెలా 30న జరపాల్సిన పౌరహక్కుల దినాన మన లెక్క చదవనివ్వాలి. అత్యాచారాల చట్టం నియమాల ప్రకారం మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ ఆ లెక్క మీద చర్చించాలి.

2027 జనాభా లెక్కల్లో కులం కూడా రాస్తామని కేంద్రం 2025లో చెప్పింది. ఆ ఎన్యూమరేటరు మన గుమ్మం తొక్కేలోపల మన లెక్క మన దగ్గర సిద్ధంగా ఉండాలి. వాళ్ళ అంకె మన అంకెకు కుదరకపోతే "ఏదీ చూపించు" అని ఈసారి అడిగేది మనమై ఉండాలి.

ఈ ఉగాది లోపల ప్రతి సంఘం ఒక్క గేరి భూమి లెక్కయినా తీయండి. అయిదు గడులే. తీసినవి మాకు పంపండి, పేర్లు తీసేసి అచ్చేస్తాం.

పెన్ను పట్టిన చేయీ పలుగు పట్టిన చేయీ ఒకటే కావాలి.

జై భీం!